అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ: ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్ళాలి, ఏవి వదులుకోవచ్చు?

కృష్ణలంక | 10 నవంబరు 2025

నమస్కారమండీ. అమెరికాలో రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) సీట్లు కుదిర్చే 2026 మ్యాచ్‌కి ఇంటర్నల్ మెడిసిన్ (ఐఎం) పెట్టాను. 2021లో ఎంబీబీఎస్ అయింది. అమెరికా లైసెన్సు పరీక్షల్లో స్టెప్ 2 సీకే 248, విదేశాల్లో చదివిన డాక్టర్లకి కావలసిన ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ చేతికొచ్చింది, స్టెప్ 3 రాయలేదు, వీసా కావాలి. ఇప్పటికి 14 ఇంటర్వ్యూ ఇన్వైట్లున్నాయి: 10 కేటగోరికల్ (మూడేళ్ళ) ఐఎం, 3 ప్రిలిమినరీ (ఏడాది) ఐఎం, 1 ఫ్యామిలీ మెడిసిన్. ఇంకొన్ని చోట్ల వెయిట్‌లిస్ట్‌లో ఉన్నాను. పన్నెండు దాటితే చాలని కొందరు, ఇరవై ఉన్నా ఒక్కటీ వదలొద్దని కొందరు అంటున్నారు. డిసెంబరులో ఒకే వారంలో ఐదు పడ్డాయి. దేన్ని ఆధారం చేసుకుని నిర్ణయించుకోవాలి?

కాకినాడ_కార్డియో | 10 నవంబరు

ముందు ఆ 14ని పక్కన పెట్టండి. మ్యాచ్‌లో పనికొచ్చేది మొత్తం ఇన్వైట్లు కాదు, ఒకే స్పెషాలిటీలో వరసగా ర్యాంక్ చెయ్యగలిగే (ఇంటర్వ్యూలయ్యాక ఇష్టం వరసలో లిస్టులో పెట్టగలిగే) ప్రోగ్రామ్‌లు. మ్యాచ్ నడిపే ఎన్‌ఆర్‌ఎంపీ పట్టికల్లో చూపించేదీ అదే: మీ లిస్టులో మొదటి ర్యాంకు ఏ స్పెషాలిటీదో చూసి, మధ్యలో ఇంకోటి అడ్డురాకుండా అదే స్పెషాలిటీ ఎన్ని ర్యాంకుల దాకా సాగిందో లెక్కపెడతారు. ప్రిలిమినరీ అంటే ఒక్క ఏడాది సీటు, కేటగోరికల్ అంటే మూడేళ్ళ సీటు. రెంటినీ కలిపి లెక్కేస్తే లేని ధైర్యం వస్తుంది. అంటే మీ దగ్గర ఉన్నవి 10.

ఇక ఆ పన్నెండు సంగతి. అది అమెరికా ఎండీ సీనియర్ల (అక్కడి మెడికల్ కాలేజీల్లో చివరి ఏడాదివాళ్ళ) గ్రాఫ్ నుంచి వచ్చింది, ఎన్ని ర్యాంకులుంటే సీటు అవకాశం ఎంతో చూపించేది. ప్రధాన స్పెషాలిటీల్లో వాళ్ళకి పన్నెండు దగ్గర గీత దాదాపు చదునైపోతుంది, ఆపైన ఇంకో ఇంటర్వ్యూ చేసినా పెద్దగా కలిసొచ్చేది ఉండదు. మన గీత ఆ గీత కాదు. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ సీనియర్లలో 93.5 శాతం మందికి మొదటి ఏడాది సీటు దొరికింది, అమెరికా పౌరులు కాని ఐఎంజీల్లో (విదేశాల్లో చదివిన డాక్టర్లలో) 58.5 శాతం మందికే. ఈ తేడాలో చాలా భాగం కొద్ది ఇంటర్వ్యూలే వచ్చినవాళ్ళది. అందుకని పది ఉన్నవాళ్ళు 58 చూసి బెదరక్కర్లేదు. 93 చూసి నిశ్చింతగా ఉండటమూ కుదరదు.

వీసా కావలసిన ఐఎంజీకి నేను చెప్పేది ఇదీ: కేటగోరికల్‌లో 12 అయ్యేదాకా దేన్నీ వదలొద్దు. 12 నుంచి 15 మధ్య ఉంటే తేదీలు ఢీకొన్నప్పుడే వదలండి. 15 దాటాక కొత్తది ఒకటి తీసుకుంటే పాతది ఒకటి ఇచ్చెయ్యండి.

ఓరుగల్లు | 10 నవంబరు

అన్నా, ఒక డౌటు. లిస్టులో కింద చిన్న ప్రోగ్రామ్‌లు చాలా పెడితే, పైన పెట్టిన పెద్దదాంట్లో ఛాన్స్ తగ్గుతదని మా వాట్సాప్ గ్రూపుల అంటున్నరు. నిజమేనా?

న్యూజెర్సీ_తెలుగు | 10 నవంబరు

కాదు. ఇది చాలామందిని తప్పుదారి పట్టించే మాట కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మ్యాచ్ అల్గారిథమ్ దరఖాస్తుదారు వైపు నుంచి మొదలవుతుంది. 1998 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది, ఆల్విన్ రోత్, ఇలియట్ పెరాన్సన్ రూపొందించారు. స్థిరమైన జతలు కుదిర్చే సిద్ధాంతానికి, దాన్ని ఆచరణలో పెట్టినందుకు లాయిడ్ షాప్లీతో కలిసి రోత్‌కి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ముందు మీ 1వ ర్యాంకు ప్రోగ్రామ్‌లో మిమ్మల్ని పెట్టి చూస్తుంది. ఆ ప్రోగ్రామ్ మిమ్మల్ని ర్యాంక్ చేసి, సీటు ఖాళీగా ఉన్నా, లేదా ఇప్పటికి ఆ సీట్లో ఉన్నవాళ్ళకన్నా మిమ్మల్ని పైన పెట్టినా, తాత్కాలికంగా అక్కడ నిలుస్తారు. ఆ తర్వాత మీకన్నా పైనున్నవాళ్ళు వచ్చి మిమ్మల్ని తోసేస్తే అప్పుడు 2వ ర్యాంకుకి, అక్కడా కాకపోతే 3వదానికి. మీ 9వ ర్యాంకు దగ్గరికి రావాలంటే పై ఎనిమిదీ మిమ్మల్ని కాదనాలి. కాబట్టి 9వ చోట ఏముందన్నది 1వదాని నిర్ణయాన్ని తాకనే తాకదు. ప్రోగ్రామ్‌లకి మీ లిస్టు కనపడదు కూడా.

దీన్నిబట్టి తేలేవి రెండు. లిస్టు పొడుగైతే నష్టం లేదు. ఎక్కడ రావచ్చో ఊహించి కాకుండా, మీకు ఇష్టమైన వరసలోనే ర్యాంక్ చెయ్యాలి.

ఒక్క జాగ్రత్త. ర్యాంక్ చేసి, అక్కడే మ్యాచ్ అయితే మీరు కట్టుబడాలి. చేరి, మొదలైన తేదీ నుంచి కనీసం 45 రోజులు పనిచెయ్యాలి, లేదా ఎన్‌ఆర్‌ఎంపీ దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి. ఏ పరిస్థితిలోనూ వెళ్ళననుకునే చోటిని లిస్టులో పెట్టకండి. పెట్టనిదానికి ఇంటర్వ్యూకి కూడా వెళ్ళక్కర్లేదు. వదులుకునే వరసలో మొదట రావలసినవి అవే.

లెక్కల_రాణి | 11 నవంబరు

అంకెల్లో చూద్దాం. ఒక్కో ఇంటర్వ్యూ చివరికి సీటుగా మారే అవకాశం 25 శాతమని, ఒకదానికొకటి సంబంధం లేదని అనుకుంటే, కనీసం ఒక్క చోటైనా వచ్చే అవకాశం: 5 ఇంటర్వ్యూలకు 76 శాతం, 8కి 90, 10కి 94, 12కి 97, 15కి 98.7. అదే ఒక్కోటి 15 శాతమే అయితే 5కి 56, 10కి 80, 15కి 91, 20కి 96.

ఇవి గీత ఆకారం చూడటానికి ఊహించుకున్న అంకెలే, ఎవరి సర్వేలోవీ కావు. 5 నుంచి 10కి వెళ్తే వచ్చే లాభం, 15 నుంచి 20కి వెళ్తే వచ్చే లాభానికి ఎన్నో రెట్లు. ప్రొఫైల్ బలంగా ఉన్నవాళ్ళకి గీత త్వరగా చదునవుతుంది, లేనివాళ్ళకి ఇరవై దగ్గర కూడా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. ఎన్ని చాలన్న ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

తుంగభద్ర | 11 నవంబరు

రాణి గారూ, లెక్క సరైనదే. ఒకదానికొకటి సంబంధం లేదన్న చోట మాత్రం నాకు అభ్యంతరం ఉంది. పది చోట్లా వెళ్ళేది అదే మనిషి, అవే సిఫారసు లెటర్లు, అదే యాస, చదువయ్యాక వచ్చిన గ్యాప్ గురించి అదే జవాబు. ఒక చోట బెడిసికొట్టింది మిగతా చోట్లా బెడిసికొడుతుంది.

మీ పద్ధతిలోనే వేసి చూడండి. ఒక మనిషికి ఒక్కో ఇంటర్వ్యూలో అవకాశం 30 శాతం ఉందో, 5 శాతమే ఉందో ముందు తెలియదు, రెంటికీ సమానంగా వీలుందనుకోండి. సగటు 17.5 శాతం. సంబంధం లేదన్న లెక్కన 10 ఇంటర్వ్యూలకు 85 శాతం, 20కి 98 శాతం రావాలి. రెండు రకాల మనుషుల్ని విడివిడిగా లెక్కేసి సగటు తీస్తే 10కి 69 శాతమే, 20కి 82. ఆ తేడా అంతా 5 శాతం మనిషిదే. అతను ఇరవై ఇంటర్వ్యూలు చేసినా సీటు వచ్చేది మూడింట రెండొంతులకి తక్కువే. అతనికి కావలసింది ఇరవై ఒకటో ఇంటర్వ్యూ కాదు, ఇంటర్వ్యూలో ఏది చెడుతోందో కనిపెట్టడం.

అందుకని మొదటి మూడు నాలుగు అయ్యాక ఒక రోజు ఆగి చూసుకోవాలి. అమెరికాలో రెసిడెంట్‌గా ఉన్న సీనియర్‌తో కెమెరా పెట్టి మాక్ ఇంటర్వ్యూ చేయించి రికార్డు వినండి. మనవాళ్ళ దగ్గర పదే పదే కనిపించేవి ఇవీ: మీ గురించి చెప్పమంటే సీవీని తేదీలతో సహా అయిదు నిమిషాలు చదవడం (నిమిషంన్నర చాలు). 2021 నుంచి ఇప్పటిదాకా ఏం చేశారంటే క్షమాపణ చెప్పుకోవడం. మా ప్రోగ్రామే ఎందుకంటే ఏ ప్రోగ్రామ్‌కైనా అతికే జవాబివ్వడం. కష్టమైన పేషెంట్ గురించి అడిగితే కేసు వివరాలే చెప్పి, తను ఏం నిర్ణయం తీసుకున్నదీ చెప్పకపోవడం. ఇవి సరిదిద్దుకుంటే మిగిలిన ప్రతి ఇంటర్వ్యూ విలువా పెరుగుతుంది. ఇన్వైట్లు పోగేసుకుంటే పెరగదు.

కృష్ణలంక | 11 నవంబరు

చాలా థాంక్స్. తుంగభద్ర గారు చెప్పినవాటిలో గ్యాప్ ప్రశ్న నాకు వర్తిస్తుంది, సరిచేసుకుంటాను. అయితే ఆ 10లో అన్నీ ఒకే విలువా? రెండు చోట్ల వెబ్‌సైట్‌లో వీసా హెచ్-1బి (ఉద్యోగ వీసా) మాత్రమే అని ఉంది. ఒకటి పెద్ద యూనివర్సిటీ, అక్కడి రెసిడెంట్లలో ఐఎంజీలు ఒకరిద్దరే ఉన్నారు.

కాకినాడ_కార్డియో | 11 నవంబరు

ఒకే విలువ కాదు. ప్రతి ఇంటర్వ్యూకీ బరువు వేసుకోవాలి. నేనైతే మూడు చూస్తాను.

మొదటిది ప్రోగ్రామ్ సైజు, అది తన లిస్టులో ఎంత లోతుకి దిగుతుందన్నది. ఐఎం ప్రోగ్రామ్‌లు సాధారణంగా ఒక్కో సీటుకి పది, పదిహేను మందిని ఇంటర్వ్యూ చేస్తాయి. పేరున్న యూనివర్సిటీ తన లిస్టు పైభాగంలోనే నిండదు, ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్ళు ఇంకా పెద్ద చోట్లకి పోతారు. చిన్న ఊళ్ళో కమ్యూనిటీ ప్రోగ్రామ్ ఇంకా లోతుకి దిగుతుంది. 8 సీట్ల చోట 100 మందిలో మీరు 60వ వారైతే ఏమవుతుంది, 30 సీట్ల చోట 350 మందిలో 150వ వారైతే ఏమవుతుంది? రెండోదాంట్లో మీ దాకా వచ్చే వీలు చాలా ఎక్కువ.

రెండోది, ప్రస్తుత రెసిడెంట్ల జాబితా. ప్రోగ్రామ్ పేజీలో మూడు బ్యాచ్‌ల వాళ్ళ కాలేజీలు ఉంటాయి. ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర, గుంటూరు లాంటి పేర్లు, పాకిస్తాన్, నేపాల్, ఈజిప్టు కాలేజీల పేర్లు మూడు బ్యాచ్‌ల్లోనూ ఉన్నాయంటే అది ఐఎంజీలని నిజంగా తీసుకునే చోటు. మూడేళ్ళలో ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరు అక్కడే రీసెర్చ్ చేసినవాళ్ళయ్యుంటారు, విచారించండి.

మూడోది సిగ్నల్, అంటే ఆ ప్రోగ్రామ్ మీద మీకు ప్రత్యేక ఆసక్తి ఉందని దరఖాస్తులో పంపే గుర్తు. ఐఎంలో 3 గోల్డ్, 12 సిల్వర్ ఉంటాయి. మీరు గోల్డ్ ఇచ్చిన చోటి ఇన్వైట్‌కి బరువెక్కువ. సిగ్నల్ ఇవ్వకుండానే పిలిచారంటే మీ ప్రొఫైల్‌లో ఏదో వాళ్ళకి నచ్చింది, ఆ ఊరితో సంబంధమో, లెటర్ రాసినవారో. అదేమిటో ఇంటర్వ్యూకి ముందు ఊహించి పెట్టుకోండి.

మీరు చెప్పిన ఆ యూనివర్సిటీ ఇంటర్వ్యూకి తప్పకుండా వెళ్ళండి, కానీ లెక్కలో దాన్ని సగంగా పట్టుకోండి.

విశాఖ_తీరం | 12 నవంబరు

హెచ్-1బి మాత్రమే అన్నవాటి సంగతి నేను చెప్తాను. దీన్ని తేల్చుకోకుండా లెక్కలు వెయ్యొద్దు.

రెసిడెన్సీకి హెచ్-1బి కావాలంటే స్టెప్ 3 పాసై ఉండాలి. చాలా ప్రోగ్రామ్‌లు ర్యాంక్ లిస్ట్ పెట్టేలోపే ఫలితం చూపించమంటాయి. స్టెప్ 3 రెండు రోజుల పరీక్ష, అమెరికాలోనే రాయాలి, ఇండియాలో సెంటర్ లేదు. ఫలితానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఫిబ్రవరి మొదటి వారంకల్లా చేతికి రావాలంటే జనవరి మొదటి రోజుల్లో రాసెయ్యాలి. బీ-1/బీ-2 (సందర్శకుల) వీసా చేతిలో లేకపోతే ఈ సీజన్‌కి అది కుదరని పని అనుకోండి.

దానికితోడు 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో, అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కి లక్ష డాలర్ల చెల్లింపు వచ్చిపడింది. వెబ్‌సైట్‌లో ఉన్న వాక్యం అంతకు ముందుదై ఉండొచ్చు. కోఆర్డినేటర్‌కి రెండు వాక్యాల మెయిల్ చాలు: ఈ సీజన్‌లో భారత్‌లో ఉన్న అభ్యర్థికి హెచ్-1బి స్పాన్సర్ చేస్తున్నారా, జె-1 (శిక్షణకి వచ్చేవాళ్ళ వీసా) తీసుకుంటారా. ఇది ఇబ్బందికరమైన ప్రశ్నేం కాదు, రోజూ వాళ్ళకి వచ్చేదే. రెంటికీ కాదంటే ఆ ఇంటర్వ్యూ వెంటనే వదిలెయ్యండి. మీ పది ఎనిమిదవుతాయి.

జె-1 అయితే స్పాన్సర్ ఈసీఎఫ్‌ఎంజీయే. ఢిల్లీలోని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ శిక్షణ దేశానికి అవసరమన్న పత్రం) తెచ్చుకోవాలి, అది మ్యాచ్ అయ్యాక చేసే పని. చదువయ్యాక రెండేళ్ళు ఇంటికి తిరిగెళ్ళాలన్న నిబంధన, దాని వెయివర్ (మినహాయింపు) గొడవ తర్వాత ఎలాగూ ఉంటాయి. ఆ భయంతో జె-1 ప్రోగ్రామ్‌లని వదులుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఓరుగల్లు | 12 నవంబరు

నాదొక్క మాట. ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్లనే కదా, టికెట్ల ఖర్చు లేదు, హోటల్ ఖర్చు లేదు. అట్లాంటప్పుడు ఇరవై ఐదు వచ్చినా అన్నిటికి పోతే పోయేదేముంది?

న్యూజెర్సీ_తెలుగు | 12 నవంబరు

పోయేది ఉంది తమ్ముడూ, మీకూ ఉంది, ఇంకొకరికీ ఉంది.

2020లో కోవిడ్‌తో ఇంటర్వ్యూలు ఆన్‌లైన్ అయినప్పుడు ఖర్చు పోయింది, దానితోపాటే వెళ్ళకుండా ఆపే కారణమూ పోయింది. ప్రోగ్రామ్‌ల దగ్గర స్లాట్లు మాత్రం అన్నే ఉన్నాయి. పైనున్న కొందరి చేతిలోనే స్లాట్లు పేరుకుపోతున్నాయని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ 2020 డిసెంబరులోనే హెచ్చరిస్తూ లేఖ రాసింది. ఆఫ్తాల్మాలజీ (కంటి వైద్యం) మ్యాచ్ వేరేగా నడుస్తుంది, వాళ్ళు ఒక్కొక్కరు వెళ్ళగల ఇంటర్వ్యూలకి పరిమితే పెట్టేశారు. ఐఎంలో అలాంటి పరిమితి లేదు, కాబట్టి ఆ బాధ్యత దరఖాస్తుదారు మీదే పడింది. 22వ ఇంటర్వ్యూ మీ అవకాశాన్ని అర శాతం కూడా కదపదు. అదే స్లాటు ఒక్కటే ఇన్వైట్ ఉన్నవాళ్ళకి దొరికితే వాళ్ళ అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. ఆ ఒక్కటి ఉన్నవాళ్ళు చాలాసార్లు మన కాలేజీ జూనియర్లే. నేను ఈ మాట మర్యాద కోసం అనడం లేదు, నిజంగా వదలండి, తొందరగా వదలండి.

ఎప్పుడు వదిలారన్నది ముఖ్యం. రెండు మూడు వారాల ముందు వదిలితే వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్ళకి వెళ్తుంది. రెండు రోజుల ముందు వదిలితే ఆ స్లాటు ఖాళీగా పోతుంది. చెప్పకుండా రాకపోవడం అన్నిటికన్నా చెడ్డది. కోఆర్డినేటర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, మీ కాలేజీ పేరు కూడా గుర్తుపెట్టుకుంటారు. వచ్చే ఏడాది అదే కాలేజీ నుంచి పెట్టేవాళ్ళకి ఆ దెబ్బ తగులుతుంది.

లెక్కల_రాణి | 12 నవంబరు

ఇండియాలో కూర్చుని చేసేవాళ్ళకి అలసట కూడా కలుస్తుంది. నవంబరు మొదటి ఆదివారంతో అమెరికా గడియారం ఒక గంట వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు తూర్పు తీరంలో ఉదయం 8 అంటే మనకి సాయంత్రం 6:30, షికాగో వైపు అయితే రాత్రి 7:30, కాలిఫోర్నియా వైపు 9:30. అయిదు గంటల ఇంటర్వ్యూ కాలిఫోర్నియాది అయితే తెల్లవారుజామున 2:30కి ముగుస్తుంది. అక్టోబరులో రాసుకున్న సమయాలు డిసెంబరుకి ఒక గంట తప్పుతాయి. క్యాలెండర్‌లో భారత సమయం కాకుండా ఆ ఊరి సమయాన్నే నమోదు చేసి, ఫోన్‌ని మార్చనివ్వండి. ఇంటర్వ్యూ షెడ్యూలింగ్ పోర్టల్ థాలమస్‌లో టైమ్‌జోన్ సెట్టింగ్ ఒకసారి తెరిచి చూసుకోండి.

వారానికి మూడు సరిపోతాయి, నాలుగు హద్దు. ఐదు పడితే నాలుగోదాంట్లో మొదటి ప్రోగ్రామ్ పేరు నోటికొస్తుంది. ఒకే రాత్రి రెండు పెట్టుకోవద్దు. ఇంటర్వ్యూలు మధ్యాహ్నానికి అయిపోతాయని షెడ్యూల్‌లో ఉన్నా, రెసిడెంట్లతో మాట్లాడే గంట చివర్లో ఉంటుంది. దాన్ని మధ్యలో వదిలి ఇంకోదాంట్లో చేరేవాళ్ళని వాళ్ళు గమనిస్తారు.

కరెంటు, నెట్ సంగతి చెప్పక్కర్లేదు గానీ చెప్తాను. రౌటర్ కూడా ఇన్వర్టర్ మీదే ఉండాలి. రెండో కనెక్షన్‌గా వేరే కంపెనీ సిమ్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. కోఆర్డినేటర్ ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. లైన్ తెగితే మూడు నిమిషాల్లో ఫోన్ చేసినవాళ్ళని ఎవరూ తప్పుపట్టరు.

కృష్ణలంక | 13 నవంబరు

ఆ హెచ్-1బి చోట్ల ఇద్దరూ జవాబిచ్చారు. ఒకరు ఈ ఏడాది జె-1 కూడా తీసుకుంటామన్నారు, ఇంకొకరు కుదరదన్నారు. అంటే 9 మిగిలాయి. డిసెంబరులో ఆ ఐదు పడ్డ వారంలో ఒక ప్రిలిమినరీ, ఒక ఫ్యామిలీ మెడిసిన్ ఉన్నాయి. ఈ రెండూ వదిలేస్తే కేటగోరికల్‌కి ఊపిరి ఉంటుంది. వదలొచ్చా?

తుంగభద్ర | 13 నవంబరు

ప్రిలిమినరీ వదలండి, మిగతా రెండు ప్రిలిమినరీలు ఉన్నాయిగా. ఒంటి ప్రిలిమినరీ సీటు మీలాంటివాళ్ళకి ఆఖరి మెట్టు మాత్రమే. ఏడాది అయ్యేలోపు రెండో ఏడాది సీటు వెతుక్కోవాలి, డ్యూటీలు చేస్తూనే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. పైగా జె-1 ఏటికేడు పునరుద్ధరణ. అయినా ఖాళీగా మిగలడం కన్నా నయమే కాబట్టి లిస్టు అడుగున పెట్టొచ్చు. అందుకు రెండు చాలు.

న్యూరాలజీ, అనస్థీషియా పెట్టినవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళ లెక్క వేరు. అడ్వాన్స్‌డ్ సీటు రెండో ఏడాది నుంచి మొదలవుతుంది, మొదటి ఏడాది ప్రిలిమినరీ విడిగా కావాలి, దాన్ని సప్లిమెంటల్ లిస్టులో (అడ్వాన్స్‌డ్ సీటుకి జతచేసే విడి లిస్టులో) ర్యాంక్ చెయ్యాలి. వాళ్ళకి ప్రిలిమినరీ ఇంటర్వ్యూలు అయిదారన్నా ఉండాలి. లేకపోతే అసలు సీటు వచ్చి, మొదటి ఏడాది లేక సోప్‌లో (మ్యాచ్‌లో మిగిలిన సీట్లు నింపే రౌండులో) పరిగెత్తాల్సి వస్తుంది.

ఫ్యామిలీ మెడిసిన్ మాత్రం వదలొద్దు, ఇంకో తేదీ అడగండి. తొమ్మిది కేటగోరికల్ కింద పదో ర్యాంకుగా అది మీకు మూడేళ్ళ పూర్తి సీటు. ఒకటే షరతు: ఫ్యామిలీ మెడిసిన్ డాక్టరుగా బతకడం మీకు ఇష్టమై ఉండాలి. పిల్లల్ని, గర్భిణులని చూడటం అందులో భాగం. అది అస్సలు వద్దనుకుంటే ఆ స్లాటు కావాలనుకునేవాళ్ళకి ఇవ్వండి. వెళ్తే ఐఎం గురించి తయారుచేసుకున్న జవాబులతో వెళ్ళకండి, మొదటి పది నిమిషాల్లోనే వాళ్ళకి తెలిసిపోతుంది.

విశాఖ_తీరం | 13 నవంబరు

తేదీ మార్చమని అడగడానికి, వదులుకోవడానికి మెయిల్ ఎలా రాయాలో చాలామందికి తెలియక వారాలు నాన్చుతారు. వదిలేటప్పుడు మూడు వాక్యాలు: పిలిచినందుకు కృతజ్ఞతలు, ఫలానా తేదీ ఇంటర్వ్యూ నుంచి తప్పుకుంటున్నాను, ఈ స్లాటు ఇంకొకరికి ఉపయోగపడాలని ముందుగా తెలియజేస్తున్నాను. కింద పూర్తి పేరు, ఏఏఎంసీ నంబరు. కారణం రాయక్కర్లేదు. మెయిల్ పంపి ఊరుకోకుండా షెడ్యూలింగ్ పోర్టల్‌లో కూడా రద్దు నొక్కండి, రెండూ చేస్తేనే స్లాటు వెంటనే విడుదలవుతుంది. తేదీ మార్చమని అడిగేటప్పుడు మీకు వీలైన మూడు తేదీలు మీరే ఇవ్వండి.

కొత్త ఇన్వైట్ వస్తే 48 గంటలు ఆగాలనుకోకండి. ఎక్కువ స్పెషాలిటీల మార్గదర్శకాల్లో ఆ గడువు ఉన్నా, మంచి తేదీలు మొదటి గంటలోనే పోతాయి. ముందు తేదీ పట్టుకోండి, కావాలా వద్దా అన్నది రెండు రోజుల్లో తేల్చండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న చోట్ల డిసెంబరు మధ్యలో ఒక మెయిల్, జనవరి మొదట్లో ఇంకోటి చాలు. జనవరి రెండో వారం దాటాక కొత్తవి బాగా పలచబడతాయి గానీ, ఇతరులు రద్దు చేసిన స్లాట్లు రెండు రోజుల వ్యవధితో కూడా వస్తుంటాయి.

ఓరుగల్లు | 14 నవంబరు

ఇంటర్వ్యూల "ఇంకా ఎక్కడెక్కడ ఇన్వైట్లు వచ్చినయి" అని అడిగితే ఏం చెప్పాలె?

కాకినాడ_కార్డియో | 14 నవంబరు

మీరు ఎక్కడెక్కడ పెట్టారు, ఎలా ర్యాంక్ చేస్తారు అని అడగడం ఎన్‌ఆర్‌ఎంపీ ఒప్పందం ప్రకారం ప్రోగ్రామ్‌లకి నిషిద్ధం. అయినా మాటల్లో అడిగేవాళ్ళుంటారు. నిబంధన గుర్తుచేసి వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా, అకడమిక్ టీచింగ్ బాగున్న కమ్యూనిటీ, యూనివర్సిటీ ప్రోగ్రామ్‌లు రెండూ చూస్తున్నానని చెప్పి, మీకు ఆ ప్రోగ్రామ్‌లో నచ్చినదాని మీదకి మాట మళ్ళించండి. అంకె చెప్పొద్దు. మిమ్మల్ని పైన పెడుతున్నామని వాళ్ళు తర్వాత మెయిల్ రాసినా దాన్ని నమ్మి మిగతా ఇంటర్వ్యూలు రద్దు చేసుకోవద్దు. ఆ మాటకి ఎవరూ కట్టుబడరు.

కృష్ణలంక | 14 నవంబరు

అయితే 9 కేటగోరికల్, 2 ప్రిలిమినరీ, 1 ఫ్యామిలీ మెడిసిన్. హెచ్-1బి కుదరదన్న చోటు, ఒక ప్రిలిమినరీ ఈ రోజే వదిలేశాను. ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ళు జనవరి తేదీ ఇచ్చారు. వెయిట్‌లిస్ట్ నుంచి ఇంకేవైనా వస్తే 12 దాకా తీసుకుంటాను. లిస్ట్ పెట్టడంలో గమనించాల్సినవి చెప్పండి.

న్యూజెర్సీ_తెలుగు | 14 నవంబరు

ర్యాంక్ లిస్ట్ గడువు 2026 మార్చి 4, తూర్పు తీరం సమయం రాత్రి 9 గంటలు. మనకి అది మార్చి 5 ఉదయం 7:30. ఆఖరి గంటలో సైట్ మొరాయించిందంటే వినేవాళ్ళుండరు, వారం ముందే పెట్టండి. రిజిస్ట్రేషన్ ఫీజులో 20 ర్యాంకుల దాకా వస్తాయి, ఆపైన ఒక్కోదానికి అదనంగా కట్టాలి, మీకు ఆ అవసరం రాదు.

లిస్టు పెట్టాక సర్టిఫై నొక్కాలి. ఏ చిన్న మార్పు చేసినా మళ్ళీ సర్టిఫై చెయ్యాలి. ప్రోగ్రామ్ పేరు చూసి కాకుండా కోడ్ చూసి ఎంచుకోండి, ఒకే ఆసుపత్రికి కేటగోరికల్, ప్రిలిమినరీ, ప్రైమరీ కేర్ ట్రాక్ అని మూడు కోడ్‌లు ఉండొచ్చు. ఒకే ఇంటర్వ్యూతో కేటగోరికల్, ప్రైమరీ కేర్ రెంటికీ మిమ్మల్ని పరిశీలించారో లేదో కోఆర్డినేటర్‌ని అడిగి, అవునంటే రెండు కోడ్‌లూ ర్యాంక్ చెయ్యండి. ప్రతి ఇంటర్వ్యూ అయిన రాత్రే నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి: రెసిడెంట్లు ఎలా ఉన్నారు, ఐసీయూ నెలలు ఎన్ని, ఫెలోషిప్‌లు ఎక్కడ వచ్చాయి, వీసా గురించి ఏం చెప్పారు. ఫిబ్రవరిలో తొమ్మిదింటినీ వరసలో పెట్టడానికి కూర్చున్నప్పుడు ఆ నోట్సే పనికొస్తాయి.